ఆకలిని చంపే మాత్ర

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అని మనకో సామెత ఉంది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో ఆ సామెత చెబుతూనే ఉన్నాను గాని, పెద్దలు ఆకలినీ నిద్రనూ పక్కపక్కన ఎందుకు కూర్చోబెట్టారా అని ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. మొన్న వేసవిలో మా మేనకోడలు వచ్చి మా ఇంట్లో పదిరోజులున్నప్పుడు గాని ఆ సంగతి నాకు తట్టలేదు. ఎందుకంటే, ఆ పిల్లకు ఆకలీ లేదు, నిద్రా లేదు.

మా అన్నయ్య కూతురికి ఇరవై నాలుగేళ్ళు. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, సంబంధం కుదిరింది, శ్రావణంలో ముహూర్తం. బట్టలు కొనుక్కోవటానికి మా రాజమండ్రి వచ్చింది. పెళ్ళిచూపుల నాడు అబ్బాయి పెద్దమ్మగారు, "పిల్ల కళగా ఉంది, కాస్త ఒళ్ళు తగ్గితే ఇక చెప్పనే అక్కర్లేదు" అన్నదిట. ఆవిడ కాఫీ తాగి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం మా పిల్ల దగ్గరే ఉండిపోయింది.

వచ్చిన రాత్రి కొత్తావకాయ జాడీ తీశాను. వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి. చిన్నప్పుడు ఆ జాడీ పక్కనే పీట వేసుకు కూర్చునే పిల్ల, "వద్దత్తా, ఆకలిగా లేదు" అని కంచం ముందు ఊరికే కూర్చుంది. ప్రయాణం బడలిక కాబోలు అనుకున్నాను. రాత్రి రెండింటికి వంటింట్లో చప్పుడైంది. పిల్లి దూరిందనుకుని లేచి చూస్తే, మా మేనకోడలు పోపులపెట్టె ముందేసుకుని ఒక్కొక్క గిన్నే తుడుస్తోంది!

"నిద్ర పట్టటం లేదత్తా. ఊరికే పడుకోవటమెందుకని..." అంటూ నవ్వింది. రెండు మాటలు మాట్లాడి ఒక గుక్క నీళ్ళు తాగుతోంది. నాలుక పిడచగట్టుకు పోతోందిట. చెయ్యి పట్టుకుని గోడగడియారం వంక చూస్తూ నాడి లెక్కపెట్టాను. నిమిషానికి 112!

"ఏం మందు మింగుతున్నావే?" అన్నాను.

"మందు కాదత్తా, మూలికలు. అంతా ప్రకృతి వైద్యమే" అంటూ పెట్టెలోంచి ఆకుపచ్చ డబ్బా తీసి చూపించింది. ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకుందిట. డబ్బా మీద ఆకులూ, పువ్వులూ, సన్నటి నడుముతో ఒక అమ్మాయి బొమ్మా ఉన్నాయి. తయారు చేసినవాడి చిరునామా మాత్రం లేదు.

నాకు అనుమానం కలగటానికి కారణం వైద్యం తెలియటం కాదు. నేను చదివింది ఎమ్మే తెలుగు. కాని ఆ నోరెండటం, ఆ నిద్ర పట్టకపోవటం, ఆ గుండెదడ, ఈ మూడూ ఒకప్పుడు నేను స్వయంగా అనుభవించినవే.

నా కథ

2008లో నాకు రెండో పిల్లవాడు పుట్టి ఏడాది దాటింది. బరువు 76 కిలోలు. బోర్డు మీద పద్యం రాయటానికి వెనక్కి తిరిగితే వెనక బెంచీల్లో నవ్వు వినిపించేది. వాళ్ళెందుకు నవ్వేవారో ఆ భగవంతుడికే తెలియాలి. నాకు మాత్రం నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. తోటి లెక్చరరు ఒకావిడ, ఒళ్ళు తగ్గించే చోటు ఒకటుంది వెళ్ళమంది. వెళ్ళాను. అక్కడ నన్ను త్రాసు ఎక్కించి బరువు చూశారు గాని, రక్తపోటు చూడలేదు. రోజూ ఉదయం ఒక గొట్టం మాత్ర వేసుకోమని చీటీ రాసిచ్చారు. దాని పేరు సిబుట్రమిన్. ఆ రోజుల్లో మన దేశంలో అది మందుల షాపుల్లో చట్టబద్ధంగానే అమ్మేవారు.

మొదటి పదిహేను రోజులూ నేను భూమ్మీద నడిచానంటే నమ్మకండి. పరీక్ష పేపర్లు రెండు వందలు మూడు రాత్రుళ్ళలో దిద్దిపారేశాను. కంచం ముందు కూర్చుంటే, పొరుగింటివాళ్ళ భోజనం చూస్తున్నట్టుండేది. ఆకలి అనేది నాకు సంబంధించిన విషయం కాదన్నట్టు ఎటో వెళ్ళిపోయింది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. అందరూ "ఏమిటండీ రహస్యం?" అని అడుగుతూంటే మహా సంబరంగా ఉండేది.

రెండో నెలలోనే మొదలైంది అసలు కథ. చీటికీ మాటికీ చికాకు. ఒకనాడు పెద్దవాడు పలకా బలపం కింద పడేశాడని చెంప మీద కొట్టాను. వాడికప్పుడు నాలుగేళ్ళు. ఏడవటం కూడా మానేసి నా మొహం వంక అట్లా చూస్తూ నిలబడ్డాడు. అంతకు ముందు వాడి మీద నేను చెయ్యి ఎత్తి ఎరగను. ఆ చూపు ఈనాటికీ మరిచిపోలేను. ఆ తరవాత వారానికి, కాలేజీ మేడమెట్లు ఎక్కుతూంటే గుండె డప్పు వాయించినట్టు కొట్టుకుంది. మా వారు బలవంతాన ఇంటి డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయారు. రక్తపోటు 156/100. ఆయన మాత్ర డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది మీ కొవ్వును కరిగించటం లేదు. మీ గుండెను పరుగెత్తిస్తోంది" అని, ఆ పూటే మానిపించారు.

మానిన నాలుగు రోజులూ పగలూ రాత్రీ నిద్రే. లేచిన దగ్గరనుంచీ ఆకలే. సంక్రాంతి అరిసెలు వచ్చేసరికి తగ్గిన ఆరు కిలోలూ వచ్చాయి, తోడుగా మరో రెండు కిలోలను వెంటబెట్టుకుని మరీ వచ్చాయి. రక్తపోటు కుదుటపడటానికి మాత్రం కొన్ని నెలలు పట్టింది.

వంశవృక్షం

కవుల కాలనిర్ణయం చేయటం మా తెలుగు పంతుళ్ళకు అలవాటు గదా. ఆ అలవాటు కొద్దీ ఈ మాత్రల పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. కావ్యాల చరిత్రలో లేనన్ని మలుపులు ఇందులో కనిపించాయి.

ఈ వంశానికి మూలపురుషుడు యాంఫెటమిన్. 1887లో లజార్ ఎదిలాను అనే రుమేనియా దేశపు రసాయన శాస్త్రవేత్త బెర్లిన్‌లో దాన్ని తయారు చేశాడు. ఎందుకు పనికొస్తుందో తెలియక అది నలభై ఏళ్ళపాటు మూలపడి ఉంది. 1929లో గోర్డన్ ఆలెస్ అనే అమెరికన్ తన ఒంటి మీదే ప్రయోగం చేసుకుని, దాని ఉత్తేజం ఎటువంటిదో కనిపెట్టాడు. తరవాత కొద్ది సంవత్సరాలకే ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా బెంజిడ్రిన్ అనే పేరుతో అది బజారుకెక్కింది. ఆ పైన మాత్రలు వచ్చాయి. ఆ మాత్రలు మింగినవారికి ఆకలి మందగిస్తోందని 1930ల చివర్లో వైద్యులు గమనించారు.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఇంగ్లండు, అమెరికా సిపాయిలకు నిద్ర రాకుండా బెంజిడ్రిన్ ఇచ్చారు. జర్మన్లు దాని తోబుట్టువును పెర్విటిన్ అనే పేరుతో తమవారికి పంచారు. జపాన్‌లోనూ అదే తంతు. యుద్ధం ముగిశాక అక్కడ ఈ మాత్రల వ్యసనం ఎంతగా పెచ్చుపెరిగిందంటే, 1951లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది.

యుద్ధంలో సిపాయి జేబులో ఉన్న మాత్ర, శాంతి రాగానే ఇల్లాలి వంటింటి అలమరలోకి వచ్చి చేరింది. 1950లలో, 60లలో అమెరికాలో ఒళ్ళు తగ్గించే క్లినిక్కులు వీధికొకటి లేచాయి. అక్కడ ఇచ్చే మాత్రలు ఎరుపు, పసుపు, నీలం, ఇట్లా రంగురంగులుగా ఉండేవి గనక వాటికి ఇంద్రధనుస్సు మాత్రలని పేరు వచ్చింది. ఒకదానిలో యాంఫెటమిన్, ఇంకొకదానిలో థైరాయిడ్ రసం, మరొకదానిలో నీరు తోడే మందు, వేరొకదానిలో గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్! పైగా, వీటివల్ల పోయిన నిద్ర తెప్పించటానికి నిద్రమాత్ర. కొందరి ప్రాణాలు పోయాక 1968లో అమెరికా సెనేటు విచారణ జరిపింది.

ఫెంటర్మిన్ అనే మాత్రకు అక్కడ 1959లో అనుమతి వచ్చింది. ఇది యాంఫెటమిన్‌కు పినతండ్రి కొడుకు వంటిది. అంత మత్తు కలిగించదు గాని పోలికలు ఎక్కడికి పోతాయి? 1965లో స్విట్జర్లండు, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీలలో అమినోరెక్స్ అనే మరో మాత్ర వచ్చింది. రెండు మూడేళ్ళు తిరిగేసరికి అక్కడి ఆసుపత్రులకు ఆయాసంతో వచ్చేవారి సంఖ్య పెరిగింది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, గుండె కుడిభాగం అలసిపోయే జబ్బు అది. 1968లో ఆ మాత్ర అమ్మకం ఆపేశారు. కాని జబ్బుపడినవారిలో చాలామంది కోలుకోలేదు.

ఇక 1990లలో అమెరికాలో ఫెన్ఫ్లూరమిన్‌నూ ఫెంటర్మిన్‌నూ జోడించి వాడటం వెర్రిగా సాగింది. 1996లో ఈ మందులకు రాసిన చీటీలు 1 కోటి 80 లక్షల పైచిలుకు. 1997లో మేయో క్లినిక్ వైద్యులూ, వారితో పనిచేసినవారూ 24 మంది స్త్రీల కేసులు ప్రకటించారు. ఆ జంట మందులు వాడిన ఆ స్త్రీలకు గుండె కవాటాలు దళసరెక్కి, సరిగా మూసుకోకుండా పోయాయి. కొందరికి కవాటాలు మార్చవలసి వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే ఫెన్ఫ్లూరమిన్‌ను బజారు నుంచి తీసేశారు. మన దేశంలో 1998లో నిషేధించారు. కవాటాల నేరం దానిదేనని తేలటంతో ఫెంటర్మిన్ బతికిపోయింది.

నేను మింగిన సిబుట్రమిన్ సంగతికి వస్తే, అది కూడా 1997లోనే అమెరికాలో అనుమతి పొందింది. దాదాపు పదివేల మంది మీద చాలా సంవత్సరాలు జరిపిన ఒక పరిశీలనలో దాని గుట్టు బయటపడింది. వాళ్ళంతా యాభై అయిదు దాటి, గుండెజబ్బో మధుమేహమో ఉన్నవారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో నూటికి 10 మందికి గుండెపోటు, పక్షవాతం వంటి ఆపదలు వస్తే, సిబుట్రమిన్ మింగినవారిలో నూటికి 11.4 మందికి వచ్చాయి. ఆ తేడా చిన్నదిగా అగుపించవచ్చు. కాని లక్షలమంది మింగే మాత్రలో అది ఎన్ని ఇళ్ళ దీపాలో లెక్కవేసుకోండి. 2010 జనవరిలో యూరపు, అక్టోబరులో అమెరికా, 2011 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం దానికి మంగళం పాడాయి. ఆ వార్త పేపర్లో చదివిన ఉదయం నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

లోపల ఏం జరుగుతుంది?

పెరట్లో పూలు కోస్తూంటే కాళ్ళ దగ్గర పాము కనిపించిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, కళ్ళు పెద్దవవుతాయి. ఆ క్షణంలో చేతికి వేడి మినపట్టు అందించినా తినబుద్ధి కాదు. ప్రాణం కాపాడుకోవలసిన సమయంలో భోజనం ప్రసక్తి ఉండకూడదని శరీరం చేసుకున్న ఏర్పాటు అది. నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనం నరాల కొసల నుంచి వెలువడి ఈ పని చేయిస్తుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, వీటన్నిటి పెత్తనంలోనూ దానికి పెద్ద పాలు ఉంది. మన పెద్దలు ఆకలినీ నిద్రనూ పక్కపక్కన పెట్టటంలో ఎంత అర్థముందో చూశారా!

ఈ జాతి మాత్రలు చేసే పనల్లా, పాము లేకుండానే పామును చూసినట్టు ఒంటిని నమ్మించటం. కొన్ని ఆ రసాయనాన్ని ఎక్కువగా వెలువరిస్తాయి. కొన్ని వెలువడినదాన్ని నరాలు తిరిగి లోపలికి తీసుకోకుండా అడ్డుపడతాయి. ఆకలి చచ్చిపోతుంది, నిజమే. దాంతోపాటు నోరెండటం, మలబద్ధకం, నిద్రలేమి, వణుకు, తలనొప్పి, చిరాకు, గుండెదడ, రక్తపోటు, ఇవన్నీ పెళ్ళివారి వెంట బంధువుల్లా దిగుతాయి.

పోనీ, ఆ చచ్చిన ఆకలైనా అట్లాగే ఉంటుందా అంటే ఉండదు. కొద్ది వారాల్లో శరీరం మోసాన్ని కనిపెట్టి అలవాటు పడిపోతుంది. మాత్ర ఉన్నా ఆకలి తిరిగి వస్తుంది. అప్పుడే చాలామంది ఒకటికి రెండు మింగుతారు. ప్రమాదమంతా అక్కడే. మోతాదు పెరిగినకొద్దీ గుండె లయ తప్పవచ్చు, లేనిపోని అనుమానాలూ భ్రమలూ కలగవచ్చు, యాంఫెటమిన్ వంటి వాటికైతే బానిసలవుతారు. హఠాత్తుగా మానితే నీరసం, అతినిద్ర, దిగులు తప్పవు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. స్థూలకాయం ఒట్టి అందానికి సంబంధించిన విషయం కాదు. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, గుండెజబ్బు దాని వెంట వస్తాయి. అటువంటివారికి వైద్యుడు పరీక్షలు చేసి, తగిన మందు ఇవ్వటంలో తప్పు లేదు. ఫెంటర్మిన్‌ను అమెరికాలో ఈనాటికీ, కొద్ది వారాలపాటు మాత్రమే అనే షరతు మీద, భోజన నియమం, వ్యాయామంతో కలిపి ఇస్తున్నారు. ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న ఇంజెక్షన్లు వేరే జాతివి, అవి ఉత్తేజకాలు కావు. వాటి మంచిచెడ్డలు వాటికున్నాయి, అవీ వైద్యుడు చెప్పవలసినవే. కాని రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారు, కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ఉత్తేజక మాత్రల జోలికి పోరాదు. దిగులుకు మందులు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పి తీరాలి. కొన్ని మందులతో ఇవి కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా ఆకాశానికెక్కుతుంది.

ఆకుపచ్చ డబ్బా

ఇంతకూ మా పిల్ల సంగతి. మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయాను. రక్తపోటు 148/96. ఇరవై నాలుగేళ్ళ పిల్లకు! డబ్బా చూసి ఆయన చెప్పిన మాట పాఠకులందరూ గుర్తు పెట్టుకోదగ్గది. మూలికల మాత్రలని అమ్మేవాటిలో, నిషేధించిన సిబుట్రమిన్‌ను దొంగచాటుగా కలపటం లోకమంతటా జరుగుతోందిట. ఇటువంటి డబ్బాల పేర్లు ప్రకటించి అమెరికా ఔషధశాఖ 2008 నుంచీ పదేపదే హెచ్చరిస్తోంది. ముందు తలుపున పంపించేసిన మందు దొడ్డిదారిన, తులసి ఆకు బొమ్మ కప్పుకుని మళ్ళీ ఇంట్లోకి వస్తోందన్నమాట.

"ఇందులో అదే ఉందని పరీక్ష చేయించకుండా నేను చెప్పలేను. కాని ఆకులు నమిలితే నాడి 112 కొట్టుకోదు" అన్నారాయన. మాత్ర ఆ క్షణం నుంచే మానిపించి, గుండె పరీక్ష చేయించారు. అదృష్టవశాత్తూ గుండెకు ఏమీ కాలేదు.

ఇంటికి వస్తూ దారిలో మా మేనకోడలు ఏడ్చింది. భయపడి కాదు. "తొమ్మిది కిలోలు తగ్గానత్తా! మళ్ళీ వచ్చేస్తాయి" అని. అప్పుడు దానికి నా కథంతా చెప్పాను, పెద్దవాణ్ణి చెంపమీద కొట్టిన సంగతితో సహా. ఆ సంగతి అంతకు ముందు నేను ఎవరితోనూ అనలేదు. అది చాలాసేపు మాట్లాడలేదు. కాసేపటికి, "నేనూ మొన్న అమ్మను నానా మాటలూ అన్నానత్తా. ఎందుకన్నానో నాకే తెలియలేదు" అంది.

ముందు నిద్ర వచ్చింది. రెండు రోజులు మనిషి లేవలేదు. మూడో రోజు రాత్రి వంటింట్లో మళ్ళీ చప్పుడైంది. వెళ్ళి చూస్తే పీట మీద కూర్చుని, గిన్నెలో మజ్జిగన్నం కలుపుకుని ఆవకాయ ముక్క నంజుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడింది. నేనూ ఒక పీట వాల్చుకుని ఎదురుగా కూర్చున్నాను.

బరువు కొంత తిరిగి వచ్చింది. ఉదయం గోదావరి గట్టు వెంబడి నడక, రాత్రి అన్నం ఒక ముద్ద తక్కువ, ఇవి మాత్రం మానవద్దన్నారు డాక్టరుగారు. ఇంటికి వెళ్ళే ముందు అది స్వయంగా పెళ్ళికొడుక్కి ఫోను చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. అతను, "మా పెద్దమ్మ అందరినీ అట్లాగే అంటుంది. నన్నూ బక్కచిక్కిపోయావంటుంది. ఇప్పుడు ఒంట్లో ఎట్లా ఉంది?" అని అడిగాడుట. శ్రావణంలో పెళ్ళి బాగా జరిగింది.

పెళ్ళి జాకెట్లు మాత్రం, మాత్రలు మింగే రోజుల్లో కొలతలిచ్చి కుట్టించినవి గనక, బిగుతైపోయాయి. మా దర్జీ దగ్గరకు పట్టుకుపోయాము. ఆయన జాకెట్టు తిరగేసి, కుట్టు లోపల మడిచిపెట్టిన రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ చూపించి, "పెళ్ళికూతుళ్ళ జాకెట్లకు ఇది ఎప్పుడూ వదిలే కుడతానమ్మా" అన్నాడు. అరగంటలో విప్పి, వదులు చేసి ఇచ్చాడు.